ఇందిరా పార్క్ గేటు బయట: నేను చదవకుండా పెట్టిన ఒక సంతకం

2017 ఎండాకాలంలో ఒక పొద్దున, ఇందిరా పార్క్‌లో రెండో రౌండ్ అయిపోయి బెంచీ మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నా. రోజూ మాతో పాటు నడిచే ఒక రిటైర్డ్ సార్ కాగితాల కట్ట పట్టుకొచ్చి "తమ్మీ, ఒక సంతకం పెట్టు" అన్నారు. ఏంటి సార్ అంటే "గేటు బయట లొల్లి మల్ల మొదలు గాకుండా, ధర్నా చౌక్ ఇక ఊరి బయటనే ఉండాలె అని" అన్నారు. పెట్టేశా. పైన ఏం రాసుందో చదవను కూడా చదవలేదు. పెద్దాయన అడిగారు, పెన్ను కూడా ఆయనే ఇచ్చారు, పైగా అంతకుముందు ఏడాది ఏదో సంఘం వాళ్ల చలో హైదరాబాద్ రోజు బండి మీద ఎండలో ముప్పావుగంట ఇరుక్కుపోయిన మంట ఇంకా లోపలే ఉంది. సంతకం కింద అడ్రస్ కాలమ్ ఉంటే అందులో మా కాలనీ పేరు కూడా నీట్‌గా రాశా.

ఆ సంతకం ఇన్నేళ్లుగా నాకు అడ్డం పడుతూనే ఉంది, అందుకే ఇదంతా.

హైదరాబాద్ తెలియని వాళ్ల కోసం కొంచెం జాగ్రఫీ. ఇందిరా పార్క్ అంటే దోమలగూడ, అశోక్ నగర్, గాంధీనగర్, లోయర్ ట్యాంక్‌బండ్ మధ్యలో ఉన్న 76 ఎకరాల పార్కు. ఒక పక్క రామకృష్ణ మఠం, ఇంకో పక్క ఎన్టీఆర్ స్టేడియం, కొంచెం అవతల కట్ట మైసమ్మ గుడి, అదీ దాటితే హుస్సేన్ సాగర్. సెక్రటేరియట్ దగ్గరే, అసెంబ్లీ మరీ దూరమేం కాదు. ఆదిలాబాద్ నుంచి వచ్చినోళ్లు జేబీఎస్‌లో దిగినా, పాలమూరు నుంచి వచ్చినోళ్లు ఎంజీబీఎస్‌లో దిగినా, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా సిటీ బస్సు, అక్కణ్ణుంచి నడక. 2020 నుంచి మెట్రో కూడా ఉంది. పార్కు గేటు బయట ఉన్న రోడ్డు ముక్కనే దశాబ్దాలుగా అందరూ ధర్నా చౌక్ అంటారు. షామియానా, కుర్చీలు, మైకు సెట్టు, డప్పు, ఎర్ర జెండా, నీలం జెండా, కాషాయం జెండా, ఏది కావాలంటే అది, రోజుకో రంగు.

ఈ పార్కు పుట్టుకలోనే ఒక తమాషా ఉంది. శంకుస్థాపన జరిగింది 1975 సెప్టెంబర్‌లో, చేసింది అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. అంతకు మూడు నెలల ముందు, జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే (సంతకాల విషయంలో నేనొక్కణ్ణే తొందరపడలేదన్న మాట). అంటే నలుగురు గుమిగూడితే లోపలేసే రోజుల్లో, ఆ ఎమర్జెన్సీ పెట్టిన ప్రధాని పేరు మీద, ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టిన చేతుల మీదుగా పునాది పడిన పార్కు ఇది. 1978లో జనానికి తెరిచారు. అలాంటి పార్కు గోడ పక్కన తర్వాతి రోజుల్లో రాష్ట్రంలో కోపం వచ్చిన ప్రతి మనిషీ వచ్చి కూర్చోవడం మొదలైంది. ఇది ఎవరూ ప్లాన్ చేసింది కాదు, ఏ ఆర్కిటెక్టూ గీసింది కాదు, జనం వాడి వాడి తయారు చేసింది. నేను వారసత్వం అనే మాట వాడితే ఇలాంటి దానికే వాడతాను, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

హెరిటేజ్ అనగానే మనకి కమాను ఉండాలి, మినార్ ఉండాలి, నిజాం కట్టించి ఉండాలి, గోడకి ఒక ఫలకం ఉండాలి. పబ్లిక్ గార్డెన్స్ అంటే ఎవరైనా ఒప్పుకుంటారు, లోపల మ్యూజియం ఉంది, జూబిలీ హాల్ ఉంది, ఈజిప్టు మమ్మీ కూడా ఉంది. ఈ ఊళ్లో బండరాళ్లని కూడా హెరిటేజ్ లిస్టులో పెట్టిన చరిత్ర ఉంది, మంచి పనే, ఆ రాళ్లు కోట్ల ఏళ్ల నాటివి. కానీ ఒక రోడ్డు ముక్క మీద ఇన్నేళ్లు జనం కూర్చుంటే ఆ కూర్చోవడాన్ని ఏ లిస్టులో రాస్తారు? రాసే కాలమే లేదు. సాయంత్రం షామియానా విప్పేస్తే అక్కడ చూపించడానికి ఏమీ మిగలదు, నాలుగు టీ గ్లాసులు, చినిగిన ఫ్లెక్సీ తప్ప. చూపించడానికి ఏమీ లేనిదాన్ని తీసెయ్యడం సులువు.

నాకు ఈ పార్కుతో పరిచయం వాకర్‌గా మొదలవ్వలేదు. 2008లో గ్రూప్-2 కోచింగ్‌కని నల్గొండ జిల్లా నుంచి వచ్చి అశోక్ నగర్‌లో ముగ్గురం కలిసి ఒక రూమ్‌లో ఉండేవాళ్లం. రూమ్‌లో కరెంటు పోతే, లేదా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో సీటు దొరక్కపోతే తెలుగు అకాడమీ పుస్తకాలు పట్టుకుని పార్కులోకి వచ్చేవాళ్లం. ఆర్టికల్ 19 నేను బట్టీ కొట్టింది ఇక్కడే ఒక చెట్టు కింద, శాంతియుతంగా ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు, 19(1)(బి), గోడ అవతల ఆ హక్కునే వాడుకుంటున్న వాళ్ల మైకు చెవుల్లో పడుతుంటే "అబ్బా, చదువుకోనివ్వరు కదా" అని విసుక్కుంటూ. ఇది నేను అతికించి చెప్తున్నది కాదు, నిజంగానే అలా జరిగింది, అప్పుడు మాత్రం అందులో నవ్వుకోవాల్సింది ఏమీ కనపడలేదు. తర్వాత తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది, ఆ గేటు బయట ఎన్ని దీక్షలు, ఎన్ని ధూంధాంలు, ఎంతమంది గొంతు పోయేదాకా పాడారో లెక్క లేదు. సాయంత్రాలు మేం పుస్తకాలు మూసేసి వెళ్లి వెనకాల నిలబడేవాళ్లం. ఫ్రీగా పాటలు, ఫ్రీగా ఉపన్యాసాలు, ఒక్కోసారి ఫ్రీగా పులిహోర. గ్రూప్-2 రాలేదు, బ్యాంకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పొట్ట వచ్చింది, డాక్టర్ నడవమన్నాడు. అప్పుడు వాకర్‌నయ్యా. వాకర్ అయిన రెండు మూడేళ్లలోనే వెనకాల నిలబడి పాటలు విన్నవాడు కాస్తా సంతకం పెట్టేవాడయ్యాడు.

అసలు ఏం జరిగిందంటే, 2017 ఫిబ్రవరి 22న తెలంగాణ ఉద్యమ సంఘాల జేఏసీ నిరుద్యోగ నిరసన ర్యాలీ పెట్టుకుంది, పర్మిషన్ ఇవ్వలేదు, ముందస్తు అరెస్టులయ్యాయి. ఆ తర్వాత ఇక ఇందిరా పార్క్ దగ్గర ధర్నాలే వద్దు, నగర శివార్లలో చోటు చూపిస్తాం అంది ప్రభుత్వం. చూపించిన కారణాల్లో ముఖ్యమైనవి రెండు, ట్రాఫిక్, స్థానికుల ఇబ్బంది. ఆ రెండోదాంట్లో వాకర్స్ కూడా ఉన్నారు, అంటే నేను. మే 15న "ఆక్యుపై ధర్నా చౌక్" అని ప్రతిపక్షాలు, ప్రజా సంఘాలు వచ్చాయి, అదే టైముకి "మాకు ధర్నా చౌక్ వద్దు" అని స్థానికుల పేరుతో ఇంకో టెంటు వెలిసింది. ఒక నిరసనకి వ్యతిరేకంగా ఇంకో నిరసన, అదీ నిరసనలు చెయ్యకూడదన్న చోటే! కొట్లాట జరిగింది, లాఠీలు లేచాయి. ఆ ప్లకార్డులు పట్టుకున్న స్థానికుల్లో మఫ్టీలో ఉన్న పోలీసులు కూడా ఉన్నారని ఫోటోలతో సహా పేపర్లలో వచ్చింది. నేను ఆఫీసు క్యాంటీన్‌లో టీవీ చూస్తున్నా. కింద స్క్రోలింగ్‌లో "స్థానికుల ఆగ్రహం" అని పోతోంది. పక్క సీటు మేడమ్ "మీరు ఆ ఏరియానే కదండీ, అంత ఇబ్బందా?" అని అడిగింది. నోట్లో ఇడ్లీ ఉందని తల మాత్రం ఊపా, అవుననో కాదనో ఆవిడకి అర్థం కాకుండా.

ఇంటికొచ్చి లెక్కేసుకున్నా. నేను పార్కుకి వెళ్లేది ఐదున్నరకి, బయటపడేది ఏడున్నరకి. మా బ్యాచ్‌లో అందరికన్నా ఆలస్యంగా వచ్చేవాళ్లు కూడా ఎనిమిదిన్నరకల్లా ఇళ్లలో టిఫిన్ చేస్తుంటారు. ధర్నా అంటే పది దాటాక. పర్మిషన్ కాగితం చూపించాలి, మైకు టెస్టింగ్ అవ్వాలి, జిల్లాల నుంచి జనంతో డీసీఎం వ్యాన్లు రావాలి, నాయకుడు రావాలి (నాయకుడు పదకొండున్నర లోపు వస్తే ఆయన నాయకుడు కాడు). అంటే ఇన్నేళ్లలో వాకర్స్‌కీ ధర్నా వాళ్లకీ ముఖాముఖి కలిసే సందర్భమే దాదాపు లేదు. ఒకే చోటు, రెండు షిఫ్టులు. పొద్దున షిఫ్టు వాళ్లకి ఇబ్బందని పగటి షిఫ్టు వాళ్లని ఊరవతలికి పంపించారు, దానికి నేను పెన్ను కదిపా.

సరే, కాలనీ వాళ్ల మాటేంటి అంటారు. అది నిజం, దాన్ని నేను కొట్టిపారెయ్యను. గేటు ఎదురుగా ఇల్లున్న వాళ్లకి పగలంతా మైకు, పరీక్షల టైములో పిల్లలు, మంచం మీద ఉన్న ముసలాళ్లు, గోడ పక్కన ఉచ్చలు, బ్యారికేడ్లు పెడితే సొంతింటికి పోవడానికి ఆధార్ కార్డు చూపించాల్సిన పరిస్థితి. ఇవన్నీ నా ఫ్రెండ్ ఒకడు అనుభవించాడు, వాడి ముందు ప్రజాస్వామ్యం అని నోరు తెరిస్తే కొడతాడు. కానీ ఆ లిస్టు మళ్లీ ఒకసారి చూడండి. మైకు సౌండ్‌కి లిమిట్ పెట్టొచ్చు, సౌండు కొలిచే మీటరు పోలీసుల దగ్గరే ఉంటుంది. ఉచ్చలకి మందు బాత్రూములు. బ్యారికేడ్లు పెట్టింది ధర్నా చేసేవాళ్లు కాదు. ధర్నాని మొత్తానికి మొత్తం ఎత్తేస్తే తప్ప తీరని ఇబ్బంది ఆ లిస్టులో ఏదుంది?

ఇదేదో నా సొంత తెలివి కాదు లెండి. ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర కూడా అచ్చం ఇదే కథ. అదే 2017లో అక్టోబర్‌లో, చుట్టుపక్కల వాళ్లకి శబ్ద కాలుష్యమని గ్రీన్ ట్రిబ్యునల్ ధర్నాలు ఆపేయమంది. 2018 జూలైలో సుప్రీంకోర్టు, నివాసులకీ హక్కుంది, నిరసనకారులకీ హక్కుంది, పూర్తిగా నిషేధిస్తే కుదరదు, రెండిటినీ సర్దుబాటు చేసే నియమాలు పెట్టుకోండి అన్నట్టు తీర్పిచ్చింది. మన దగ్గర కూడా 2018లో హైకోర్టు దాకా వెళ్తే గానీ షామియానా మళ్లీ లేవలేదు.

ఇప్పుడు బంజారాహిల్స్ దగ్గరున్న కేబీఆర్ పార్క్ గురించి మాట్లాడాలి, ఎందుకంటే అక్కడి వాకర్స్ కథ వేరే. 2016లో ఫ్లైఓవర్ల కోసం ఆ పార్కు చుట్టూ చెట్లు కొట్టేస్తారని తెలిసినప్పుడు వాకర్స్, పిల్లలు, డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు మానవహారం కట్టారు, ప్లకార్డులు పట్టుకున్నారు, చెట్లని కౌగిలించుకున్నారు, గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లారు. మంచి పని చేశారు, నేనూ ఒక ఆదివారం వెళ్లా. కానీ అది కూడా ధర్నానే కదా? పార్కు బయట రోడ్డు పక్కన నిలబడి నినాదాలివ్వడమే కదా? దాన్ని ఇంగ్లీషు పేపర్లు సిటిజెన్స్ అన్నాయి, బంజారాహిల్స్‌లో ఎవరూ న్యూసెన్స్ అనలేదు. చేతిలో ఉన్న అట్టముక్క ఇంగ్లీషులో ఉంటే పౌరుడు, తెలుగులో ఉండి పక్కన డప్పు ఉంటే లొల్లి. నేను రెండు చోట్లా ఉన్నాను, ఒకచోట ప్లకార్డుతో, ఒకచోట దానికి వ్యతిరేకంగా సంతకంతో, ఒక్క ఏడాది తేడాలో. ఆ తేడా ఏంటో నాకు నేను చెప్పుకోలేకపోయా.

ఆ పార్కు పేరే చూడండి, కాసు బ్రహ్మానందరెడ్డి. 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రి. 1969 తెలంగాణ ఉద్యమంలో కాల్పులు జరిగిందీ, 369 మంది చనిపోయారని మనం చెప్పుకునేదీ ఆయన హయాంలోనే. వాళ్ల స్తూపం అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్క్‌లో ఉంది, శిల్పి ఎక్కా యాదగిరిరావు చేసింది, పైన తొమ్మిది రేకుల తెల్ల పువ్వు, అప్పటి తొమ్మిది జిల్లాలకి గుర్తుగా. ఒకే ఊళ్లో ఒక పార్కులో చనిపోయిన వాళ్ల స్తూపం, ఇంకో పార్కుకి అప్పటి ముఖ్యమంత్రి పేరు. పేరు మార్చమని కొంతమంది అంటారు, నాకైతే మార్చకపోవడమే మంచిదనిపిస్తుంది, ఆ రెండు పేర్లు పక్కపక్కన ఉంటేనే మా పిల్ల "ఆయనెవరు నాన్నా" అని అడుగుతుంది, నేను చెప్తాను. మార్చేస్తే అడగదు.

గన్‌పార్క్‌లో నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. జూన్ 2 వచ్చిందంటే, ఎవరికైనా పదవి వచ్చిందంటే, పార్టీ ఏదైనా ముందు అక్కడికెళ్లి పూలు పెడతారు. 1969లో రోడ్డెక్కిన ఆ పిల్లలు కూడా ఆ రోజు ట్రాఫిక్‌కి అడ్డమే, ఆ రోజు స్థానికులకి ఇబ్బందే. చనిపోయిన వాళ్ల ఉద్యమం వారసత్వం, బతికున్న వాళ్లది న్యూసెన్స్. స్తూపానికి మైకు లేదు కదా.

ఇంకో ముచ్చట. 2021 ఆగస్టులో ఇందిరా పార్క్ గేటుకి ఒక బోర్డు పెట్టారు, పెళ్లికాని జంటలకి లోపలికి ప్రవేశం లేదని. సోషల్ మీడియాలో జనం దుమ్మెత్తి పోస్తే తీసేశారు, సారీ కూడా చెప్పారు. మా వాకింగ్ బ్యాచ్‌లో మాత్రం సగం మంది ఆ బోర్డు మంచిదే అన్నారు. అప్పుడు నాకు క్లియర్‌గా అర్థమైంది, ముందు ధర్నా వాళ్లు, తర్వాత జంటలు, ఆ తర్వాత బెంచీల మీద పడుకునే కూలీలు, తర్వాత పుస్తకాలేసుకుని కూర్చునే కోచింగ్ పిల్లలు. ఒకప్పుడు నేను కూడా ఆ ఆఖరి బాపతే. స్పోర్ట్స్ షూ వేసుకున్న వాళ్లు తప్ప మిగతా అందరూ ఏదో ఒక రోజు బోర్డుకెక్కుతారు.

మళ్లీ అదే ఏడాది నవంబర్ 18న, వడ్లు కొనాలని కేంద్రానికి వ్యతిరేకంగా మహాధర్నా అయింది. ఎక్కడ? ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌లోనే. కూర్చున్నది ఎవరు? ముఖ్యమంత్రి కేసీఆర్, మంత్రులు, ఎమ్మెల్యేలు. నాలుగేళ్ల కింద ఎత్తేయించిన ప్రభుత్వమే వచ్చి ఆ రోడ్డు మీద కూర్చుంది. దీన్ని అందరూ వెక్కిరించారు, నేనూ వెక్కిరించా, మరుసటి రోజు పొద్దున రిటైర్డ్ సార్‌ని పట్టుకుని "మన సంతకాలు ఏమైనయ్ సార్?" అంటే ఆయన "నువ్వు ఊకో తమ్మీ" అని స్పీడు పెంచారు. కానీ వెక్కిరింత పక్కన పెడితే ఆ రోజు కంటే పెద్ద సర్టిఫికెట్ ధర్నా చౌక్‌కి ఇంకోటి లేదు. ఊరినిండా హాళ్లున్నాయి, గ్రౌండ్లున్నాయి, అధికారం చేతిలో ఉంది. అయినా నిరసన అని జనానికి అర్థం కావాలంటే వాళ్లు కూడా ఇక్కడికే రావాల్సి వచ్చింది.

2023 ఆగస్టులో ఆ పక్కనుంచే వీఎస్టీ దాకా కట్టిన స్టీల్ బ్రిడ్జి తెరిచారు, నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. నాయిని అంటే వీఎస్టీ ఫ్యాక్టరీ యూనియన్ నాయకుడు, జీవితమంతా కార్మిక నాయకుడు. 2017లో ధర్నా చౌక్ మూసినప్పుడు హోంమంత్రి కూడా ఆయనే. ఒక మనిషిలో అవి రెండూ ఎలా పట్టాయో గానీ, ఆ బ్రిడ్జి ఎక్కినప్పుడల్లా నాకు నా సంగతి కూడా గుర్తొస్తుంది.

దీని మీద మా ఆఫీసులో యూనియన్ పనుల్లో తిరిగే ఒక అన్నతో వాదన పెట్టుకున్నా. ఆయన నా వారసత్వం మాటకి నవ్వాడు. "అసలు ధర్నా చౌక్ అంటేనే పంజరం రా బై. సెక్రటేరియట్ ముంగట చేస్తరని, అసెంబ్లీ ముంగట చేస్తరని, ఓ మూలకు తోలిండ్రు. మీరు అరువుండ్రి, మేం ఇనం అని. గా పంజరాన్ని కాపాడాలె అంటవా?" అన్నాడు. బెంగళూరు సంగతి కూడా ఆయనే చెప్పాడు. అక్కడ పాత సెంట్రల్ జైలుని ఫ్రీడం పార్క్ చేశారు, ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీలని పెట్టిన జైలు, నిరసనలకి కూడా అందులో చోటిచ్చారు. వినడానికి బాగుంది. ఇప్పుడు ఆ ఊళ్లో నిరసన చెయ్యాలంటే ఇక అక్కడే చెయ్యాలి, ఇంకెక్కడా కుదరదంటున్నారు. జైలు పార్కయింది, నిరసన మళ్లీ ఆ గోడల్లోకే వెళ్లింది.

ఆయన చెప్పింది కరెక్టే. నా దగ్గర దానికి పూర్తి సమాధానం లేదు. కానీ పంజరం అన్నా సరే, ఇది జనం లోపలినుంచి వంచి వంచి ఇంకోలా చేసుకున్న పంజరం. ఒక మూలకి తోలిన చోటుకే ముఖ్యమంత్రి కూడా వచ్చి కూర్చోవాల్సినంత పేరు తెచ్చారు. అందుకే దీనికి ఫలకం పెట్టండి, హెరిటేజ్ జోన్ చెయ్యండి అని నేనడగను. ఫలకం పెట్టిన మరుసటి రోజు నుంచి అక్కడ ఫోటోలు దిగుతారు, కూర్చోనివ్వరు. నేనడిగేది చిన్నవి. గేటు బయట నాలుగు బాత్రూములు, ఒక నల్లా, నీడకి రేకుల షెడ్డు, మైకుకి ఒక లిమిట్, కాలనీ లోపలికి పోయే రోడ్డు ఎప్పుడూ తెరిచి ఉండాలి. కాలనీలో ఉన్న నా ఫ్రెండ్ కూడా ఈ లిస్టుకి ఓకే అన్నాడు, మైకు దగ్గర మాత్రం బేరమాడాడు.

బాత్రూములు ఎందుకు ముందు రాశానంటే, ఒక శనివారం పార్కు గేటు దగ్గర ఒక పెద్దావిడ నన్ను ఆపింది. అంగన్‌వాడీ ఆయానట. "బాత్రూం ఏడుంది బిడ్డా?" అంది. లోపలుంది, టికెట్ తీసుకోవాలమ్మా అన్నా. వెనక్కి తిరిగి చూసింది, ఆవిడ వెంట ఇంకా పది పన్నెండు మంది ఆడవాళ్లు. "ఏడికెళ్లి వచ్చిన్రమ్మా?" అంటే "ఆసిఫాబాద్ దిక్కు కెళ్లి. రాత్రి బయల్దేరినం" అంది. జీతం ఎంతని అడగబోయి ఆగిపోయా, ఎందుకంటే ఆవిడ దాని గురించే కదా ఇంత దూరం వచ్చింది. టికెట్లు తీశా. మధ్యాహ్నం ఇంటికి పోయేటప్పుడు చూస్తే వాళ్లలో కొంతమంది లోపలే ఉన్నారు, నేను ఒకప్పుడు చదువుకున్న చెట్టు లాంటి చెట్టు కింద (అదేనని చెప్పలేను, అన్నీ పెరిగిపోయాయి) టిఫిన్ డబ్బాలు విప్పుకుని, జెండా కర్రలు పక్కన పడేసి. నాకు పాసుంది, రోజూ వస్తాను. వాళ్లలో ఒకావిడ "ఎంత సల్లగున్నదే ఈడ" అంటోంది పక్కావిడతో. నేను ఇన్నేళ్లలో ఆ పార్కు గురించి ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు, స్టెప్పులు లెక్కపెట్టుకోవడమే సరిపోయింది.

రిటైర్డ్ సార్ ఇప్పుడు రావట్లేదు, మోకాళ్లు. మొన్న ఇంటికెళ్లి పలకరించినప్పుడు ఆ కాగితాల గురించి అడిగా, ఎక్కడిచ్చారు సార్ అని. ఆయనకి సరిగ్గా గుర్తు లేదు, ఏదో ఆఫీసులో ఇచ్చాం, రసీదు కూడా తీసుకున్నం అన్నారు. నా సంతకం ఒక్కటి వెనక్కి తీసుకోవాలంటే ఎట్లా సార్ అంటే కాసేపు ఆలోచించి, సీరియస్‌గానే, "ఆర్టీఐ వెయ్యి. ముందు కాగితం ఏడున్నదో తెలువాలె గదా" అన్నారు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కొనిపెట్టుకున్నా. ఏ ఆఫీసుకి వెయ్యాలో ఇంకా తేలలేదు.